వంకాయరంగు పట్టీ

ఆ చలికాలం మా దుకాణం ముందు ఆగిన మొదటి గుంపుకి నేనే దగ్గరుండి చాయ్ తెప్పించాను. ఇరవై మందికి ఇరవై కప్పులు, పైగా ఉస్మానియా బిస్కెట్లు. ఇప్పుడు తలుచుకుంటే నా ఒళ్ళు మండేది అక్కడే. వాళ్ళు చేసినదానికి వాళ్ళని తిట్టుకోవచ్చు, తిట్టుకుంటూనే ఉన్నాను కూడా. కానీ పరదా దాకా రానిచ్చింది మాత్రం నేను.

అబిడ్స్ జీపీఓ దగ్గర్నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్తుంటే ఒక సందులో, ఒక పాత మేడ మెట్ల కింద, రోడ్డు నుంచి నాలుగు మెట్లు దిగితే ఉంటుంది మా దుకాణం. లేడీస్ టైలర్ అని బోర్డు, రెండు కుట్టు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, మూలన ఒక పచ్చ పరదా. ఒక మిషన్ మా ఆయన పరశురాంది, ఒకటి నాది. పరదా వెనక చోటు మా అత్త పోశవ్వది. కొలతలు తీసేది ఆమె ఒక్కతే. మామ వెంకటనర్సయ్య బతికున్న రోజుల్లోనూ అంతేనట. ఆయన కత్తిరించడం, కుట్టడం వరకే, ఆడవాళ్ళ కొలత జోలికి వచ్చేవాడు కాదు.

అత్తకి చదువు రాదు, అంకెలూ రావు. జనగామ పక్క పల్లె నుంచి మామ వెంట వచ్చినప్పుడు టేపు మీద ముప్పై రెండో, ముప్పై నాలుగో ఆమెకి తేడా తెలిసేది కాదు. అందుకని తన పద్ధతి తను పెట్టుకుంది. ఎవరైనా మొదటిసారి జాకెట్టు కుట్టించుకోవడానికి వస్తే, వాళ్ళు తెచ్చిన గుడ్డ అంచులోంచే వేలెడు వెడల్పు పట్టీ చింపుతుంది. దాన్ని మనిషికి చుట్టి ఛాతీ దగ్గర కత్తెరతో ఒక గాటు పెడుతుంది. నడుముకి రెండు గాట్లు, చేతికి ఏటవాలుగా ఒకటి. పట్టీ మీద పేరుండదు, నంబరుండదు, ఆ గుడ్డ రంగే గుర్తు. మనిషి ఒళ్ళు చేసినా చిక్కినా అదే పట్టీ మీద కొత్త గాటు పడుతుంది. అలా మూడు వందల పైచిలుకు పట్టీలు పరదా వెనక మేకులకి వేలాడుతూ ఉంటాయి. కొలత తీసేటప్పుడు ఒక కొస ఆమె పట్టుకుంటుంది, ఇంకో కొస నేను పట్టుకుంటాను. పెళ్ళయి వచ్చిన వారం నుంచి పందొమ్మిదేళ్ళు అదే నా పని.

అత్త నాకు నేర్పినవి చాలా ఉన్నాయి గానీ, గట్టిగా చెప్పినవి రెండే. పరదా వెనక సంగతి పరదా ఇవతలకి తేవద్దు. గుడ్డ పెట్టకుండా ఉత్త మిషన్ తొక్కద్దు, గుడ్డని లాగే కింద పండ్లు అరుగుతాయి. ఆ ఒక్క చలికాలంలో నేను రెండూ తప్పాను.

నవంబరు ఆఖర్లో వచ్చింది లహరి. పాతికేళ్ళుంటాయి. చేనేత కుర్తా, జీన్సు, పెద్ద ముక్కుపుడక, ఎదుటివాళ్ళని ఇట్టే మచ్చిక చేసుకునే గొంతు. శనివారం శనివారం కొంతమందిని వెంటేసుకుని అబిడ్స్‌లో అందమైన దుకాణాలన్నీ నడిపించి చూపిస్తుందట. ఆ నడక పేరు 'నవాబుల వీధిలో నాలుగడుగులు'. జీపీఓ దగ్గర మొదలు. పాత గడియారాల షాపు, కళ్ళజోళ్ళ షాపు, కాలి కొలత తీసి బూట్లు కుట్టే షాపు, అత్తరు షాపు, చివరికి మెయిన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన 'అంచురంగు' అనే బట్టల షోరూం, ముందంతా అద్దాలే. ఆ షోరూంకి వెళ్ళేముందు ఆగడానికి ఒక చిన్న చోటు కావాలి, అది మా దుకాణం.

"మీ షాప్ చాలా అథెంటిక్‌గా ఉందాంటీ" అంది.

"ఏందట?" అని అత్త నన్ను అడిగింది.

"అసలైందట అత్తమ్మా."

"మరి నకలుది ఏడుంది?"

లహరి పడి పడి నవ్వింది. అత్త నవ్వించాలని అనలేదు. నాకైతే లోపల గాలి నిండినట్టయింది. రెడీమేడ్ జాకెట్లు వచ్చాక మా దగ్గరికి వచ్చే వాళ్ళు సగమయ్యారు. మొహం తెలిసిన పాత వాళ్ళు తప్ప మెట్లు దిగేవాళ్ళు లేరు. అలాంటిది ఒక చదువుకున్న పిల్ల వచ్చి, నీ దుకాణం చూడ్డానికి జనాన్ని తీసుకొస్తానంటే ఎవరు కాదంటారు?

మొదటి శనివారం లహరి మా మెట్ల మీద నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. "ఇక్కడ మనం చూస్తున్నది అంతరించిపోతున్న ఒక కళ. ఈ అమ్మమ్మగారి పూర్వీకులు నిజాం ఇంటి బేగంలకి కుట్టేవారు."

అంతరించిపోతున్న ఆ కళ అప్పుడు స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టుకుంటోంది. అత్త తలెత్తి "ఎవల గురించే?" అని అడిగింది.

"నీ గురించే."

"మా అయ్య బర్లు గాసిండు. నడుమ బేగంలు యాడికెల్లి వచ్చిన్రు?"

అందరూ నవ్వారు. అదీ వాళ్ళకి చూడ్డానికొచ్చిన వేడుకలో భాగమే అయింది. నేను "ఊకో అత్తమ్మా" అన్నాను. అబద్ధం చెప్పిన మనిషిని వదిలేసి నిజం చెప్పిన మనిషిని ఊరుకోమన్నాను. చాయ్ తెప్పించింది ఆ తర్వాతే.

చాయ్ తాగుతూ లహరి పరదా పక్కకి జరిపి పట్టీలు చూసింది. ఇవేంటని అడిగింది. చెప్పాను. ఒకటి లాగి "ఇది ఎవరిదో చెప్పగలరా?" అంది. పసుపుపచ్చ పాప్లిన్. నాకు చూడాల్సిన పని కూడా లేదు, వేలితో తడిమితే తెలిసిపోతుంది.

"పండ్ల దుకాణం ఆమెది. గీ గాటు పెండ్లికి ముందు. గిది మొదటి కాన్పు అయినంక. గీడ చూడున్రి, మల్ల లోపలికొచ్చింది. షుగర్ వచ్చి చిక్కింది పాపం."

చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకి లేచాయి. ఇంకోటి, ఇంకోటి అన్నారు. పందొమ్మిదేళ్ళు పట్టీ కొస పట్టుకున్నాను గానీ నా పనికి చప్పట్లు కొట్టిన వాళ్ళు లేరు. ఆ పూట ఎనిమిది పట్టీలు చదివాను.

సాయంత్రం షట్టరు దించేటప్పుడు అత్త అంది. "రాణీ, గాటు పెట్టింది కత్తెర కోసం. కథ కోసం కాదు."

"పేర్లు చెప్పలే గద అత్తమ్మా."

"పేరుంటెనే మనిషా?"

 పెద్దావిడ, చాదస్తం అనుకున్నాను.

డిసెంబరులో అత్తకి శుక్లాల ఆపరేషన్ చేయించాం. నాలుగు వారాలు ఇల్లు కదలద్దన్నారు దవాఖానలో. మల్లేపల్లి ఇంట్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గోడకి ఆనుకుని, నేను వెళ్ళగానే "ఇయ్యాల ఎవరెవరు వచ్చిన్రు?" అని అడిగేది. నడక వాళ్ళ సంగతి తప్ప అన్నీ చెప్పేదాన్ని. పరదా వెనక చోటు నాదైపోయింది. శనివారం వస్తోందంటే శుక్రవారం రాత్రే చీర ఎంచుకునేదాన్ని.

వాళ్ళకి కొత్త కథలు కావాలి. వచ్చిన వాళ్ళు కొందరు మళ్ళీ వచ్చేవారు. ఒక శనివారం లహరి మూల మేకుకున్న వంకాయరంగు పట్టీ పట్టుకుని, "దీనికి ముడి ఎందుకుందాంటీ?" అని అడిగింది.

ఆ పట్టీ ప్రభావతి మేడమ్‌ది. నాంపల్లిలో ప్రభుత్వ ఆఫీసులో పనిచేస్తారు. వాళ్ళ తాతలు అప్పటి ఉమ్మడి రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గుంటూరు వైపు నుంచి ఉద్యోగాలకి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. గంజి పెట్టిన కాటన్ చీర, ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు. ముప్పై ఏళ్ళుగా మా దగ్గరే కుట్టించుకుంటున్నారు. తొమ్మిదేళ్ళ కిందట మూడు నెలలు కనబడలేదు. తర్వాత ఒకరోజు వచ్చి పరదా వెనక కూర్చుని, పైట తీశారు. ఎడమవైపు రొమ్ము లేదు.

అత్త ఏమీ అడగలేదు. నడి ఛాతీ నుంచి కుడికి ఒక కొలత, ఎడమకి ఒక కొలత విడివిడిగా తీసి, ఎడమవైపు గాటు దగ్గర చిన్న ముడి వేసింది. జాకెట్టు లోపల సంచీలా కుట్టి దూది నింపింది. రెండువైపులా బరువు ఒకేలా ఉండాలని గుప్పెడు ఆవాలు కూడా పోసి కుట్టేసింది. "కొంగు సక్కగ కూసుంటది తియ్యి బిడ్డా" అని మాత్రం అంది. ఆఫీసులో హెర్నియా ఆపరేషన్ అని చెప్పుకున్నారట మేడమ్. ఇంట్లో ఆయనకి, డాక్టరుకి, మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. మా ఆయన పరశురాంకి కూడా తెలియదు. ఆ జాకెట్లు అత్త చేత్తో కుట్టేది, లేకపోతే నేను కుట్టేదాన్ని.

ఇదంతా నేను ఆ గుంపుకి చెప్పాను. పేరు చెప్పలేదు. ఆఫీసు చెప్పాను, గొడుగు చెప్పాను, ఆవాలు చెప్పాను. పేరు చెప్పలేదు కాబట్టి ఏ తప్పూ చెయ్యలేదనుకున్నాను. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. లహరి నా చేతులు పట్టుకుని "ఇది మీ షాప్ కాదాంటీ, ఇది ఆడవాళ్ళ చరిత్ర" అంది. నేనా మాట ఇంటికెళ్ళి అన్నం తింటూ కూడా తలుచుకున్నాను.

వారం తిరిగేసరికి 'అంచురంగు' యజమాని రవిచంద్రని వెంటబెట్టుకొచ్చింది. నార చొక్కా, మెత్తటి మాట. జనవరిలో నుమాయిష్, అదే నాంపల్లి ఎగ్జిబిషన్, మొదలవుతుంది, నెలన్నర పాటు నాంపల్లి అంతా జనమే. అప్పుడు తన షోరూం అద్దాల వెనక మా పట్టీలు పెడతానన్నాడు. మా దుకాణం పేరు కూడా రాస్తానన్నాడు.

పరశురాం కత్తెర ఆపి, "అమ్మనడుగు" అన్నాడు.

"అమ్మ కండ్లకు మందేసుకుంటుంది. ఆమెకెందుకిప్పుడు ఫికర్? నుమాయిష్ అయిపోంగనె తెచ్చి ఏడియి గాడ తగిలిస్త."

"నాకేం తెల్వదు. అడుగుమంటున్న అంతె."

అడగలేదు. మంచి రంగులు చూసి నలభై పట్టీలు ఏరి ఇచ్చాను. వంకాయరంగుది లహరి గుర్తుపెట్టుకుని మరీ అడిగి తీసుకుంది.

జనవరి మొదటి వారంలో ఒక సాయంత్రం చూడ్డానికి వెళ్ళాను. అద్దం వెనక ఇత్తడి క్లిప్పులకి మా పట్టీలు, వాటి మీద పసుపు లైట్లు. నుమాయిష్‌కి వెళ్ళేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకుంటున్నారు. అడుగున చిన్న అక్షరాల్లో మా దుకాణం పేరు. పట్టీల పక్కన ఏవో కార్డులున్నాయి. జనం తోపులాటలో చదవలేదు, అసలు చదవాలని కూడా తోచలేదు. సెల్ఫీ దిగి వచ్చాను.

సంక్రాంతి సెలవులయ్యి ఆఫీసులు తెరిచిన రెండో రోజు, మధ్యాహ్నం మూడింటికి ప్రభావతి మేడమ్ వచ్చారు. చేతిలో గుడ్డ లేదు. గొడుగు కూడా లేదు. అది నాకు ముందు కనబడింది.

"అమ్మ లేదా?"

"కండ్ల ఆపరేషన్ అయింది మేడమ్. ఇంకో వారంల వస్తది."

కూర్చోలేదు. పరశురాం లైనింగ్ గుడ్డ తేవడానికి బయటికి వెళ్ళేదాకా బల్ల మీద గీతలు చూస్తూ నిలబడ్డారు. అతను మెట్లెక్కాక అడిగారు.

"రాణీ, ఆ షోరూంలో వంకాయరంగు పట్టీ నాదేనా?"

నా చూపు మూల మేకు వైపు పోయింది. అది ఖాళీగా ఉంది.

"నాదే. నాకు తెలుసు. మా చెల్లెలి పెళ్ళికి కొన్న చీర అది." ఆవిడ గొంతు పెంచలేదు. "నువ్వు చెప్పిన వీడియో మా సెక్షన్‌లో ఎవరికో వచ్చిందట. నిన్న లంచ్‌లో అందరూ నా మొహంలోకే చూసి మాట్లాడారు. చూపు కిందికి పోకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డారో పాపం. ఒకమ్మాయి నా కారేజీ తనే కడిగి పెట్టింది. తొమ్మిదేళ్ళు ఆ చూపు లేకుండా బతికాను."

"మేడమ్, నేను పేరు చెప్పలే."

"తెలుసు. విన్నాను."

 ఆవిడ తిడితే బాగుండుననిపించింది. తిట్టు తినడం తేలిక, ఏడ్చేసి కాళ్ళ మీద పడొచ్చు. ఆవిడ నాకా అవకాశం ఇవ్వలేదు. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"అమ్మకి ఇప్పుడే చెప్పకు. కళ్ళు ఆపరేషన్ అయినవాళ్ళు ఏడవకూడదు."

మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు చెయ్యి అలాగే వదిలేసి షోరూంకి పరుగెత్తాను. మధ్యాహ్నం కాబట్టి జనం లేరు, కార్డు చదివే వీలుంది. 'ముడి' అని పైన పెద్దక్షరాలు. కింద రాశారు. నాంపల్లిలో ఒక ఆఫీసు ఉద్యోగిని. తొమ్మిదేళ్ళ క్రితం ఒక రొమ్ము కోల్పోయింది. ఏ కాలమైనా నల్ల గొడుగు, ఆవాలు పోసిన జాకెట్టు. ఆమె ధైర్యానికి మా వందనం.

వందనమట. ఆమెని అడగకుండా, ఆమె ఆఫీసుకి నాలుగడుగుల దూరంలో, నడిరోడ్డు మీద వందనం. కానీ నాకు అసలు మంట పుట్టింది ఆ కార్డు చూసి కాదు, పక్కనున్న బొమ్మని చూసి. ఆ బొమ్మకి వంకాయరంగు జాకెట్టు తొడిగారు. ఎడమవైపు ఛాతీ మీద అదే గుడ్డతో అందంగా ఒక ముడి వేశారు. మెడలో చీటీ: ముడి కలెక్షన్, కొత్తగా వచ్చినవి. అత్త ఎవరికీ కనబడకూడదని వేసిన ముడి అది. దాన్ని పైకి తెచ్చి సోకు చేసి అమ్మకానికి పెట్టారు.

లోపలికెళ్ళి పట్టీలు ఇమ్మన్నాను. కౌంటరు దగ్గరున్న అమ్మాయి, సార్ ఊళ్ళో లేరు, శనివారం వస్తారు, అప్పుడు అడగండి మేడమ్ అంది. చాలా మర్యాదగా అంది. లహరికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఒక దండం బొమ్మ పంపింది.

శనివారం పదిన్నరకి జీపీఓ దగ్గరికి వెళ్ళి గుంపులో నిలబడ్డాను. లహరి నన్ను చూసి సంబరపడింది. "ఈరోజు రాణి ఆంటీ మనతో నడుస్తున్నారు" అని అందరికీ చెప్పింది. వాళ్ళ వెనకే నేనూ నడిచాను.

ఆ దారి నేను రోజూ నడిచేదే గానీ అలా ఎప్పుడూ చూడలేదు. గడియారాల షాపాయన లేని తాత పటానికి దండేసి కూర్చున్నాడు. అది వాళ్ళ తాతది కాదని ఈ వీధిలో అందరికీ తెలుసు. కళ్ళజోళ్ళ దుర్గేష్ నాకు పదేళ్ళుగా తెలుసు. లహరి వాళ్ళకి అతని ముత్తాత గురించి చెప్తుంటే, అతను ఫ్రేములు తుడుస్తూ నవ్వుమొహం పెట్టుకుని నిలబడ్డాడు. గుంపు బయటికి కదిలాక మెల్లగా అన్నాడు.

"నువ్వు గూడ తిరుగుతున్నవా అక్కా? ఎనిమిది శనివారాలాయె, ఒక్కరన్న అద్దం పెట్టుకుని చూడలే. అందరు నన్నే చూసి పోతున్నరు."

బూట్ల షాపులో ఒకావిడ ముసలి కార్మికుడి చేతులు దగ్గర్నుంచి ఫొటో తీసింది, అడగలేదు. అత్తరు షాపులో వాసన చూసి ముందుకెళ్ళారు. నాకు నడుస్తున్నకొద్దీ తెలుస్తోంది. మేమంతా దుకాణాలు తెరిచి కూర్చున్న మనుషులం అని వీళ్ళకి తట్టనే లేదు. ఆ పూట మా సందులోకి తిప్పవద్దని నేనే లహరికి చెప్పాను. తిన్నగా అద్దాల షోరూంకి వచ్చాం.

రవిచంద్ర ద్వారం దగ్గరే ఉన్నాడు. లహరి కిటికీ వైపు తిరిగి గొంతు తగ్గించింది. ఆ తగ్గించడం నాకు తెలుసు. నేనూ అలాగే తగ్గించి చెప్పాను కదా. "ఇప్పుడు మీకొక ముడి కథ చెప్తాను" అంది.

"ఆగు" అన్నాను. "గా పట్టీలు దింపున్రి. తీస్కపోనీకి వచ్చిన."

రవిచంద్ర నవ్వాడు. "ఫిబ్రవరి పదిహేను, నుమాయిష్ అయ్యేదాకా అని మాట అనుకున్నాం కదమ్మా. మీ షాప్ పేరు కూడా వేశాం. మీకు ఎంత పబ్లిసిటీ వస్తోందో చూస్తున్నారుగా."

"నాకు పబ్లిసిటీ వద్దు. పట్టీలు గావాలె."

"ఆంటీ, ఎవరైనా ఏమన్నా అన్నారా?" అంది లహరి. "మనం ఆవిడ్ని సెలబ్రేట్ చేస్తున్నాం. తప్పుగా ఒక్క మాట కూడా లేదు."

నా చేతిసంచిలో ఎప్పుడూ ఒక కత్తెర, కోరా గుడ్డ ముక్క ఉంటాయి. గుడ్డ తీసి అక్కడే పర్రుమని ఒక పట్టీ చింపాను.

"గిట్ల రా బిడ్డా. చేతులు లేపు. నీ కొలత తీస్త."

"ఇక్కడా?"

"ఔ, గీడనే. నీ ఛాతి కొలత రాద్దాం, నీకు ఏం ఆపరేషన్లు అయినయో రాద్దాం, నువ్వు ఏ గల్లీల ఉంటవో రాద్దాం. పేరు రాయం. అద్దంల పెట్టి అందరం దండం పెడదాం."

పట్టీ పట్టుకుని ఒక అడుగు ముందుకేశాను. లహరి రెండు చేతులూ తమంతట అవే లేచి ఛాతీ మీద కట్టుకుపోయాయి. గుంపులో ఇంకో ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు కూడా చున్నీలు సర్దుకున్నారు. రవిచంద్ర ఫోన్‌లోకి చూడ్డం మొదలుపెట్టాడు.

"కానీ ఆంటీ" అంది లహరి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి నిజం నీళ్ళే. "మాకు చెప్పింది మీరే కదా?"

"ఔ" అన్నాను. "నేనే చెప్పిన."

ఇంక అడగకుండా లోపలికెళ్ళి క్లిప్పులు విప్పడం మొదలుపెట్టాను. ఎవరూ అడ్డు రాలేదు. గుంపులోంచి ఒక పెద్దావిడ వచ్చి, నాకు అందని పైవరుసవి విప్పి ఒక్కొక్కటే చేతికిచ్చింది. నలభై లెక్క సరిపోయింది. వంకాయరంగుదాన్ని నా జాకెట్టులో దోపుకున్నాను. బొమ్మ మీది జాకెట్టు మాత్రం వాళ్ళదే, దాన్ని నేనేం చెయ్యలేకపోయాను. మరో నెల దాకా అది ఆ కిటికీలోనే ఉంది.

ఆ రాత్రి అత్తకి అంతా చెప్పేశాను. మేడమ్ చెప్పవద్దన్నారు గానీ దాచుకోవడం ఇక నావల్ల కాలేదు. అత్త వింటూ పట్టీలు ఒళ్ళో పోసుకుని ఒక్కోటీ వేళ్ళతో తడిమింది. ముడి దగ్గర వేళ్ళు ఆగాయి. నన్ను తిట్టలేదు. ఏడవలేదు కూడా. ముందు నా చెయ్యి పట్టుకుని చూపుడువేలి కొసని తన బొటనవేలితో రుద్దింది. పందొమ్మిదేళ్ళు గాట్లు తడిమి అక్కడ నాకు కాయ కాసింది.

"గిన్నేండ్లు నీ చేతికి నేర్పిన" అంది. "నోటికి నేర్పలే. నాది గూడ తప్పే."

ఆ మాటకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

కళ్ళద్దాలు తీసిన రోజు దుకాణానికి వచ్చి మేకులన్నీ ఖాళీ చేసింది. అప్పట్నుంచి ఎవరు కుట్టించుకోవడానికి వచ్చినా పని అయిపోయాక వాళ్ళ పట్టీ వాళ్ళ చేతిలోనే పెడుతోంది. మళ్ళొచ్చినప్పుడు తెచ్చుకోమంటుంది. కొందరు పారేసుకుంటారు. పారేసుకుంటే మళ్ళీ కొలుస్తుంది. పండ్ల దుకాణం ఆమె తన పసుపుపచ్చ పట్టీ తీసుకుని, "నా షుగర్ సంగతి ఊరంతా చెప్పినవంటగా?" అని నవ్వుతూనే అడిగింది. ఆ నవ్వు నాకు అరగలేదు.

లహరి ఇప్పటికీ శనివారాలు గుంపుని తెస్తుంది. సందులోకి రాదు. మెయిన్ రోడ్డు మీద నిలబడి మా వైపు చెయ్యి చూపించి, అక్కడొక పాత టైలర్ షాపు ఉండేదని చెబుతుంది. మేము ఉన్నాం. లోపల మిషన్ల చప్పుడు వాళ్ళకి వినబడుతూనే ఉంటుంది.

నుమాయిష్ అయిపోయిన వారానికి ప్రభావతి మేడమ్ వచ్చారు. గొడుగు ఉంది. నా వైపు తల ఊపారు, కొత్త దుకాణంలో కొత్త మనిషికి ఊపినట్టు. సంచిలోంచి బూడిదరంగు జాకెట్టు గుడ్డ తీసి అత్తకిచ్చారు. అత్త వంకాయరంగు పట్టీ ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని విప్పి చూడకుండా మడిచి పర్సులో వేసుకున్నారు.

"మల్ల కొత్తగ కొలుద్దాం బిడ్డా" అంది అత్త.

ఇద్దరూ పరదా వెనక్కి వెళ్ళారు. బూడిదరంగు అంచు చింపిన చప్పుడు విని, అలవాటుగా నేనూ లేచి వెళ్ళి పట్టీ కొసకి చెయ్యి చాపాను.

అత్త కొస ఇవ్వలేదు. దాన్ని మేడమ్ చేతికే ఇచ్చి పట్టుకోమంది. నా వైపు చూడకుండానే అంది.

"నువ్వు బయట కూసో రాణీ."

పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ పరదాకి ఇవతల నేను ఉండగా అది మూసుకుంది. వచ్చి నా మిషన్ ముందు కూర్చున్నాను. మా దుకాణం ఎంత చిన్నదంటే పరదా వెనక కత్తెర ఆడితే ఎన్ని గాట్లు పడ్డాయో ఇక్కడికి వినబడుతుంది. ఒకటి పడింది. అది కుడివైపు గాటని నాకు తెలిసిపోయింది. తొమ్మిదేళ్ళనాటి గాటుకి, దీనికి తేడా ఎంత ఉంటుందో వేళ్ళు లెక్క వేస్తున్నాయి, నేను వద్దనుకున్నా.

చేతిలో గుడ్డ లేదు. పాదం పెడలు మీద పెట్టి ఉత్త మిషన్ తొక్కడం మొదలుపెట్టాను. కింద పండ్లు అరిగినా సరే, రెండో గాటు నాకు వినబడకూడదు. పరశురాం తలెత్తి చూశాడు గానీ ఆపమనలేదు. పరదా వెనక నుంచి అత్త కూడా అనలేదు. వాళ్ళిద్దరూ బయటికి వచ్చేదాకా తొక్కుతూనే ఉన్నాను.